స్పెయిన్‌లో ఒక సెమిస్టర్: గ్రనాదా వెళ్లే విద్యార్థికి మొదటి కాగితం నుంచి చివరి మార్కుల దాకా

గ్రనాదాలో దిగిన మూడో రోజు పొద్దున్నే బ్రెడ్ కొట్టుకు వెళ్లాను. హైదరాబాద్‌లో ఏడాది పాటు శనివారాలు స్పానిష్ క్లాసులకు తిరిగి, రెండో మెట్టైన ఏ2 పరీక్ష పాసై వచ్చినవాణ్ణి. "ఊనా బర్రా, పోర్ ఫవోర్" అని దర్జాగా అడిగాను. కొట్టు ఆవిడ బ్రెడ్‌ను కాగితంలో చుడుతూ "అల్గో మా?" అంది. 'మా' అంటే ఏంటో నాకు తట్టలేదు. ఆవిడ మళ్లీ అంది, ఈసారి ఇంకాస్త గట్టిగా. లైన్లో నా వెనక ఉన్న పెద్దాయన అద్దాల పెట్టెలోని కేకుల వైపు వేలు చూపించాక వెలిగింది. పుస్తకంలో చదివిన "అల్గో మాస్", అంటే "ఇంకేమైనా కావాలా" అని. దక్షిణ స్పెయిన్ వాళ్లు మాట చివర 'స్' మింగేస్తారు. పుస్తకాల తెలుగు నేర్చుకుని శ్రీకాకుళం బస్టాండులో దిగిన విదేశీయుడి పరిస్థితి నాది.

కాగితాల పని ఎలాగోలా అందరూ పూర్తి చేస్తారు. సెమిస్టర్ చేతికందేదీ, చేజారేదీ మాట దగ్గరే. అందుకే ఇందులో భాషకీ ఇంటికీ తిండికీ ఎక్కువ చోటిచ్చాను. వీసా సంగతి కావలసినంత వరకే.

1. ఊరు, సెమిస్టర్ ఎంచుకోవడం

మన దగ్గర స్పెయిన్ అనగానే మాడ్రిడ్, బార్సిలోనా అంటారు. ఆ రెండు ఊళ్లలో గది అద్దె చూస్తే కళ్లు తిరుగుతాయి. బార్సిలోనాలో ఇంకో మెలిక ఉంది: చాలా క్లాసులు కాటలాన్ భాషలో జరుగుతాయి. వాలెన్సియాలోనూ అక్కడి భాషలో కొన్ని క్లాసులు ఉంటాయి. స్పానిష్ కోసం వెళ్లేవాళ్లు ముందే కోర్సు ఏ భాషలో నడుస్తుందో చూసుకోవాలి.

నేను గ్రనాదా ఎంచుకోవడానికి కారణాలు మామూలువే. అక్కడి విశ్వవిద్యాలయం 1531 నాటిది, యూరప్ నలుమూలల నుంచి ఎరాస్మస్ (యూరప్ విద్యార్థి మార్పిడి పథకం) విద్యార్థులు వస్తారు కాబట్టి బయటివాళ్లతో వ్యవహరించడం ఆఫీసులకు అలవాటే. ఊరు చిన్నది, ఎక్కడికైనా నడిచిపోవచ్చు.

సెమిస్టర్లు రెండు. మొదటిది సెప్టెంబర్‌లో మొదలై జనవరి పరీక్షలతో ముగుస్తుంది, రెండోది ఫిబ్రవరి నుంచి జూన్ వరకు. నేను మొదటిదానికి వెళ్లాను. మళ్లీ వెళ్లాల్సి వస్తే కళ్లు మూసుకుని రెండోదే ఎంచుకుంటా. సెప్టెంబర్‌లో వెళ్తే మాట కాస్త కుదుటపడే సమయానికి చలీ, ఆరింటికే చీకటీ, క్రిస్మస్ సెలవులకు ఖాళీ అయిన ఇల్లూ మిగులుతాయి. ఫిబ్రవరిలో వెళ్తే రోజులు పెరుగుతూ పోతాయి, ఈస్టర్ ఊరేగింపులు, మే 3న వీధి వీధినా పూల శిలువల పండగ, జనమంతా రోడ్ల మీదే ఉంటారు. మాట వినాలంటే జనం బయట ఉండాలి కదా.

2. మన కాలేజీలో చేయాల్సిన పని

ఇది విసుగు పుట్టించే మెట్టు, కానీ ఇక్కడ తప్పితే ఆరు నెలల చదువు మెమోలో కనిపించదు. వెళ్లడానికి దారులు మూడు: మన విశ్వవిద్యాలయానికి అక్కడితో ఒప్పందం ఉంటే ఎక్స్చేంజ్, ఎరాస్మస్ ప్లస్ కింద స్కాలర్‌షిప్, రెండూ లేకపోతే సొంత ఫీజుతో. దారి ఏదైనా 'లెర్నింగ్ అగ్రిమెంట్' అనే కాగితం మీద మీ హెచ్ఓడీ సంతకం, అక్కడి సమన్వయకర్త సంతకం పడాలి. అక్కడ ఏ సబ్జెక్టు చదివితే ఇక్కడ ఏ సబ్జెక్టుకు బదులవుతుందో అందులో రాసి ఉంటుంది.

యూరప్ లెక్కలో సెమిస్టర్‌కు 30 క్రెడిట్లు, ఒక్కో క్రెడిట్‌కు 25 నుంచి 30 గంటల పని. భాష కొత్త కాబట్టి 30కి 30 తీసుకోకండి. మీ కాలేజీ ఒప్పుకుంటే 18, 24 చాలు. ప్రతి సబ్జెక్టుకూ 'గియా దొసెంతే' అని సిలబస్ పత్రం విశ్వవిద్యాలయం సైట్లో ఉంటుంది. దాన్ని దించుకుని మీ ప్రొఫెసర్‌కు చూపించి, ఒప్పుకున్నట్టు మెయిల్లో రాయించుకోండి. నోటి మాట మీద వెళ్లకండి. తిరిగొచ్చేసరికి హెచ్ఓడీ మారిపోవచ్చు.

3. వీసా

ముందు రోజులు లెక్కపెట్టండి. ఉండేది 90 రోజులు దాటితే మామూలు టూరిస్టు షెంగెన్ వీసా చాలదు, స్టూడెంట్ వీసా కావాలి. ఒక్క సెమిస్టర్ సాధారణంగా 180 రోజుల లోపే అయిపోతుంది. 180 దాటిందంటే పోలీస్ క్లియరెన్స్, మెడికల్ సర్టిఫికెట్ జత చేయాలి, దిగిన నెలలోపు విదేశీయుల గుర్తింపు కార్డుకు దరఖాస్తు పెట్టాలి. పది రోజులు ముందే వెళ్లి ఊరు చూద్దామనుకుని ఈ గీత దాటకండి.

మన దేశంలో దరఖాస్తులు తీసుకునేది బీఎల్ఎస్ కేంద్రాలు. అడ్మిషన్ లెటర్, స్పెయిన్‌లో చెల్లే వైద్య బీమా, ఉండబోయే చోటు వివరం, డబ్బుల రుజువు కావాలి. డబ్బుకు వాళ్ల కొలమానం 'ఇప్రెమ్' అనే సూచిక. అది 2023 నుంచి నెలకు 600 యూరోలు. ఐదు నెలలకు 3,000 యూరోలు, యూరో వంద రూపాయలనుకుంటే 3 లక్షలు. ఖాతాలో నిన్న పడ్డ డబ్బు కాకుండా కొన్ని నెలలుగా ఉన్న డబ్బు కనిపిస్తే మంచిది. నాన్నగారి ఖాతా చూపిస్తుంటే ఆయన సంతకంతో ఖర్చు భరిస్తానన్న లేఖ కూడా పెట్టాలి. బీమా పాలసీలో 'కో పేమెంట్', అంటే వైద్యం ఖర్చులో కొంత మనమే కట్టాలన్న షరతు కనిపిస్తే అది పనికిరాదు.

సెప్టెంబర్ చదువుకు మే నెల నుంచే కాగితాలు కదలాలి. వీసా చేతికొచ్చే దాకా డబ్బు వెనక్కి రాని టికెట్ కొనకండి.

అమెరికాలో పెరిగిన మన పిల్లలు చాలామంది హైస్కూల్లో స్పానిష్ చదివి ఈ సెమిస్టర్‌కు వస్తుంటారు. వాళ్లు ఉండే రాష్ట్రానికి సంబంధించిన స్పెయిన్ కాన్సులేట్ పరిధిలో దరఖాస్తు చేసుకోవాలి. ఇండియన్ పాస్‌పోర్టు మీద ఉంటే తిరిగి అమెరికా వెళ్లేందుకు వీసా సరిగ్గా ఉందో లేదో కూడా చూసుకోవాలి. ఇది చివర్లో గుర్తొచ్చి టెన్షన్ పడ్డవాళ్లను చూశాను.

4. వెళ్లేముందు భాష: ఇంగ్లిష్ గుమ్మం గుండా పోవద్దు

హైదరాబాద్‌లో ఇఫ్లూలో స్పానిష్ విభాగం ఉంది, దేశంలో సెర్వాంతెస్ సంస్థ నడిపే, స్పానిష్ స్థాయిని తేల్చే డెలె పరీక్షలూ ఉన్నాయి. క్లాసుల భాషగా స్పానిష్ ఉంటే, ఏ2 పై మెట్టు బీ1 లేకుండా వెళ్లడం ఈత రాకుండా గోదాట్లో దిగడమే. అయితే నేను చెప్పదలచుకుంది వేరు. మనం స్పానిష్‌ను ఇంగ్లిష్ పుస్తకాలతో నేర్చుకుంటాం, ఇంగ్లిష్ వాళ్లకు కష్టమైనవన్నీ మనకూ కష్టమని నమ్మేస్తాం. తెలుగు గుమ్మం గుండా వెళ్తే సగం గోడలే ఉండవు.

ముందు శబ్దం. స్పానిష్‌లో టీ అక్షరానికి పలుకు మన 'త', డీ అక్షరానికి 'ద'. కొట్టును 'తియెందా' అంటారు. ఇంగ్లిష్ మీడియం అలవాటులో మనం 'టియెండా' అంటాం, విన్నవాళ్లు మొహం చిట్లిస్తారు. 'ట' వదిలేసి 'త' పట్టుకున్న రోజున సగం యాస దానంతటదే సర్దుకుంటుంది. అచ్చులు కూడా అంతే: ఆ, ఎ, ఇ, ఒ, ఉ, ఎక్కడున్నా అదే పలుకు. 'పెరో' అంటే కానీ, 'పెఱ్ఱో' అంటే కుక్క. మనకు బడిలో పేరుకే మిగిలిన బండి ఱ ఇక్కడ నాలుక మీద నిజంగా దొర్లాలి.

ఇక వాక్యం. "మె గుస్తా ఎల్ కఫే" అన్నది ఇంగ్లిష్ వాళ్లకు తలకిందుల వాక్యం. మనకేమో "నాకు కాఫీ ఇష్టం", అంతే. "మె దుయెలె లా కబెథా" అంటే "నాకు తల నొప్పిగా ఉంది". ఈ 'నాకు' వాక్యాలు దాదాపు వరసగా దిగిపోతాయి. "నేను" అనే మాట ప్రతిసారీ చెప్పక్కర్లేదు, క్రియ చివరే చెప్పేస్తుంది, వెళ్లా, వెళ్లావు అన్నట్టు. భూతకాలంలో రెండు రూపాలున్నాయని క్లాసులో అందరూ తల పట్టుకుంటారు. 'ఫుయి' అంటే వెళ్లాను, 'ఇబా' అంటే వెళ్లేవాణ్ణి. మనం పుట్టినప్పటి నుంచి చేస్తున్న తేడా అది.

నిజంగా తంటా పెట్టేవి రెండే. ఒకటి, బల్లకూ కుర్చీకీ కూడా ఆడామగా ఉండటం. హిందీ వచ్చినవాళ్లకు ఈ బాధ కాస్త తక్కువ. రెండు, 'ఉన్నాడు' అనడానికి రెండు క్రియలు. "ఎస్ అబురీదో" అంటే మనిషే బోరు, "ఎస్తా అబురీదో" అంటే మనిషికి బోరు కొడుతోంది. నేను ఒకసారి పార్టీలో నా గురించే మొదటిది వాడాను. ఎవరూ ఖండించలేదు.

మర్యాద విషయం కూడా ముందే తెలిసి ఉండాలి. 'తూ' అంటే నువ్వు, 'ఉస్తెద్' అంటే మీరు. స్పెయిన్‌లో విద్యార్థులు చాలావరకు ప్రొఫెసర్‌ను పేరు పెట్టి 'తూ' అంటారు. మనకు నోరు రాదు. నెల రోజులు 'ఉస్తెద్' తోనే నెట్టుకొచ్చాను, ఒకావిడ నవ్వి "నాకు అంత వయసు లేదులే" అనేదాకా. మొదట 'ఉస్తెద్' అనడంలో తప్పేం లేదు, వాళ్లే మార్చమంటారు. కొట్లో, ఆఫీసులో పెద్దవాళ్లతో 'ఉస్తెద్' మంచిదే.

5. గది వెతకడం

ఇండియా నుంచి గది చూడకుండా అద్వాన్సు పంపొద్దు. ఇది ఒక్కటే మీరు గట్టిగా గుర్తుంచుకోండి. ఓనరు విదేశంలో ఉన్నాడు, తాళం కొరియర్‌లో పంపుతాడు, డబ్బు ఇవాళే వేయాలి, ఈ మూడూ కలిశాయంటే అది మోసం. నా క్లాస్‌మేట్ ఒకడు అలాగే ఒక నెల అద్దె పోగొట్టుకున్నాడు. మొదటి వారం పది రోజులకు హాస్టల్లోనో విశ్వవిద్యాలయ వసతిలోనో దిగి, అక్కణ్ణుంచి నడుచుకుంటూ గదులు చూడండి. ఇదెయలిస్తా లాంటి సైట్లలో ప్రకటనలుంటాయి, విశ్వవిద్యాలయ భవనాల గోడల మీద అంటించిన చీటీలు కూడా చదవండి. చీటీకి ఫోన్ చేసి మాట్లాడటమే మీ మొదటి మౌఖిక పరీక్ష.

ప్రకటనలో 'కలెఫాక్సియోన్' అనే మాట వెతకండి. అంటే గదులు వేడి చేసే ఏర్పాటు. స్పెయిన్ దక్షిణమంటే వెచ్చగా ఉంటుందనుకుని వెళ్లాను. గ్రనాదా సుమారు 700 మీటర్ల ఎత్తున ఉంది, పక్కనే మంచు కప్పిన సియెరా నెవాదా. నవంబర్ నుంచి బయట కన్నా పాత ఇళ్ల లోపలే చలి ఎక్కువ. మా ఇంట్లో రేడియేటర్లు లేవు. హాల్లో గుండ్రని బల్ల, దాని మీద నేల దాకా వేలాడే మందపాటి గుడ్డ, బల్ల కింద చిన్న కరెంటు కుంపటి. దాన్ని 'బ్రసెరో' అంటారు. గుడ్డ ఎత్తి కాళ్లు లోపల పెట్టుకుని, ఒడి దాకా కప్పుకుని కూర్చోవాలి. కాళ్లు కాలుతుంటాయి, వీపు గడ్డకడుతుంటుంది. కానీ ఆ బల్ల చుట్టూ నలుగురు కూర్చుంటే ఎవరూ లేచి గదికి వెళ్లరు, కబుర్లు పదకొండు దాకా సాగుతాయి. నాకు వచ్చిన స్పానిష్‌లో సగం ఆ గుడ్డ కింద వచ్చిందే.

ఇంకో మాట 'బుతానో'. మన వంటగ్యాస్ బండలాంటిదే, నారింజ రంగు, పన్నెండున్నర కిలోల గ్యాస్. వంటకే కాదు, చాలా ఇళ్లలో స్నానం నీళ్లు కూడా దాంతోనే కాగుతాయి. తల మీద షాంపూ ఉండగా బండ అయిపోయిన రోజు నాకు నోటికొచ్చిన మాటలు తెలుగువే. ఇల్లు చూసేటప్పుడు బండ ఎవరు తెప్పించాలి, ఎవరు మోసుకురావాలి అడగండి, ముఖ్యంగా లిఫ్టు లేని నాలుగో అంతస్తు అయితే.

'ఇంతెరియోర్' గది అంటే కిటికీ వీధి వైపు కాకుండా భవనం లోపలి ఖాళీ వైపు తెరుచుకునేది. ఎండ రాదు, చౌక. ఎండ వచ్చే 'ఎక్స్‌తెరియోర్'కు కాస్త ఎక్కువైనా ఇవ్వండి. 'గాస్తోస్' అంటే కరెంటు, నీళ్లు, ఇంటర్నెట్ ఖర్చులు. అవి అద్దెలో కలిసి ఉన్నాయా అన్నది రాయించుకోండి. అద్వాన్సును 'ఫియాన్సా' అంటారు, మామూలుగా నెల అద్దె. గదిలో దిగిన రోజే గోడల మరకలు, విరిగిన డ్రాయర్లు ఫోటోలు తీసి ఓనర్‌కు పంపండి.

పాత బస్తీ అల్బైసీన్ ఫోటోల్లో అద్భుతం. సామాన్లతో రాళ్ల మెట్లు ఎక్కితే తెలుస్తుంది. మీ క్లాసులు జరిగే విశ్వవిద్యాలయ ప్రాంగణం కార్తూహా కొండ మీదా, ఊళ్లో ఫుయెంతెనుయెవా వైపా చూసుకుని ఇల్లు తీసుకోండి. ఇక అసలు నియమం: స్పానిష్ మాట్లాడేవాళ్లతో ఇల్లు పంచుకోండి. మనవాళ్లతో కలిస్తే అన్నం దొరుకుతుంది, మాట దొరకదు. ఇది నేను ఎవరితోనూ రాజీపడని విషయం.

6. మొదటి రెండు వారాలు

విదేశీ విద్యార్థుల ఆఫీసులో హాజరై, వచ్చినట్టు కాగితం మీద సంతకం చేయించుకోవాలి. తర్వాత సబ్జెక్టుల మార్పులకు కొద్ది రోజుల గడువుంటుంది. ముందు నాలుగైదు క్లాసుల్లో కూర్చుని, ఏ ప్రొఫెసర్ మాట అర్థమవుతోందో చూసి అప్పుడు నిర్ణయించుకోండి. సిలబస్ ఎంత నచ్చినా, గొంతులో మాట నమిలే ప్రొఫెసర్ దగ్గర ఉండకండి.

మార్కులు రెండు పద్ధతుల్లో వేస్తారు. ఒకటి సెమిస్టర్ పొడవునా హాజరు, అసైన్‌మెంట్లు, ప్రెజెంటేషన్లు కలిపి. రెండోది మొత్తం ఒకే చివరి పరీక్షతో. రెండోది కావాలంటే మొదట్లోనే దరఖాస్తు పెట్టాలి. బయటివాళ్లకు మొదటి పద్ధతే మేలు. చివరి పరీక్షలో రెండు గంటలు స్పానిష్‌లో రాయడం కన్నా ముక్కలు ముక్కలుగా మార్కులు కూడబెట్టుకోవడం తేలిక. ప్రతి ప్రొఫెసర్‌కూ 'తుతొరియాస్' అని విద్యార్థులను కలిసే గంటలుంటాయి. వెళ్లి, నేను ఇండియా నుంచి వచ్చాను, భాష ఇంకా పట్టు చిక్కలేదు అని చెప్పండి. మన దగ్గర స్టాఫ్‌రూమ్ గుమ్మం దగ్గర నిలబడే భయం అక్కడ అవసరం లేదు.

డబ్బు సంగతి రెండు ముక్కల్లో: ఫారెక్స్ కార్డుతో మొదలుపెట్టండి. అక్కడివాళ్లు ఒకరికొకరు 'బీసుమ్' చేసుకుంటారు, మన ఫోన్‌పే లాంటిది, కానీ స్పెయిన్ బ్యాంకు ఖాతా ఉంటేనే.

7. తిండి, గడియారం

మధ్యాహ్న భోజనం రెండున్నరకు, రాత్రి భోజనం తొమ్మిది దాటాక. రెండు నుంచి ఐదు దాకా చిన్న కొట్లు మూసేస్తారు, ఆదివారం సూపర్‌మార్కెట్లూ దాదాపు అంతే. శనివారం రాత్రికే పాలు కొనుక్కోండి. విశ్వవిద్యాలయం భోజనశాలలు బయటి హోటళ్ల కన్నా చాలా చౌక.

శాకాహారులకు అసలు పరీక్ష 'కార్నె' అనే మాట. అంటే మాంసమే, కానీ చాలామంది దృష్టిలో ఎండబెట్టిన పంది మాంసం 'హమోన్' మాంసం కిందకు రాదు, చేపా రాదు. "కార్నె లేకుండా" అని అడిగితే కూర మీద హమోన్ ముక్కలు చల్లి ఇస్తారు. మొత్తం వాక్యం బట్టీపట్టండి: "నో కోమో కార్నె, ని హమోన్, ని పెస్కాదో." క్రిస్మస్‌కు ఇచ్చే 'మంతెకాదో' బిస్కెట్లలో పంది కొవ్వు ఉంటుంది, పేరులోనే ఉంది. ధైర్యంగా తినదగినవి: టమాటా తురుము, ఆలివ్ నూనె వేసిన కాల్చిన బ్రెడ్, చల్లటి టమాటా చారులాంటి గస్పాచో, చెరకు పాకం పోసిన వంకాయ వేపుడు. గుడ్డు తింటే బంగాళదుంప అట్టు ప్రతి బార్లోనూ దొరుకుతుంది.

గ్రనాదాలో చాలా బార్లలో డ్రింక్ కొంటే పక్కన ఒక చిన్న పళ్లెం తిండి ఉచితం, కూల్‌డ్రింక్ కొన్నా సరే. ఏం వస్తుందో వాళ్లిష్టం కాబట్టి పై వాక్యం డ్రింక్ చెప్పేటప్పుడే చెప్పాలి, పళ్లెం వచ్చాక కాదు.

ఇంట్లో వండుకునేవాళ్లకు కొన్ని ఉచ్చులున్నాయి. ఎర్రగా నోరూరించే 'పిమెంతోన్ దుల్సె' డబ్బా చూసి కారం అనుకుని తెచ్చాను. మూడు చెంచాలు వేసినా కూర చప్పగానే ఉంది, అది తియ్య మిరప పొడి. పెరుగు డబ్బా మీద 'నతురాల్' అని చదివి కొన్నాను, కింద చిన్నక్షరాల్లో 'అసుకరాదో' అని ఉంది. ఆవకాయతో కలుపుకున్న తీపి పెరుగన్నం రుచి ఇప్పటికీ మరిచిపోలేదు. 'సిన్ అసూకర్' అని ఉన్నదే తీసుకోండి. కుక్కర్ పట్టుకెళ్లేవాళ్లు స్టీలుది తీసుకెళ్లండి, అదీ అడుగున అయస్కాంతం అంటుకునేది. ఇండక్షన్ పొయ్యి ఉన్న ఇల్లు దొరికితే అల్యూమినియం కుక్కర్ అలంకారానికే పనికొస్తుంది.

8. మాట కదలాలంటే

క్లాసులో వినడం పెరుగుతుంది, మాట్లాడటం పెరగదు. బార్లలో, భాషా కేంద్రాల్లో 'ఇంతెర్‌కాంబియో' అని భాష మార్పిడి సాయంత్రాలుంటాయి: అరగంట వాళ్లకు ఇంగ్లిష్, అరగంట మీకు స్పానిష్. ఇవి మొదటి నెలకు బాగుంటాయి, తర్వాత కలిసేది అందరూ విదేశీయులే. వాటికన్నా నాకు పనికొచ్చింది ఒకే కొట్టుకు రోజూ ఒకే వేళకు వెళ్లడం. ఆ బ్రెడ్ కొట్టు ఆవిడ రెండో వారానికి పేరు అడిగింది, ఐదో వారానికి వాళ్ల అబ్బాయి ఉద్యోగం సంగతి చెప్పింది, డిసెంబర్ వచ్చేసరికి నేనే "అల్గో మా" అనడం మొదలుపెట్టానని ఎగతాళి చేసింది.

అల్‌హంబ్రా కోటకు టికెట్ ఆన్‌లైన్లో చాలా ముందే కొనాలి. కోటలోని నస్రీద్ రాజమందిరాలకు ఇచ్చిన సమయం దాటితే లోపలికి పంపరు, పాస్‌పోర్టు కూడా అడుగుతారు.

9. పరీక్షలు, తిరుగు ప్రయాణం

మార్కులు పదికి. ఐదు వస్తే పాస్, ఏడు నుంచి 'నొతాబ్లె', తొమ్మిది నుంచి 'సొబ్రెసాలియెంతె'. ఏడు అక్కడ మంచి మార్కు, దాన్ని మన కాలేజీలో నేరుగా 70 శాతం అని రాసేస్తే నష్టం మీకే. మార్పిడి పట్టిక ఏదో వెళ్లేముందే అగ్రిమెంటులో చేర్పించండి. జనవరిలో తప్పితే ఫిబ్రవరిలో మళ్లీ రాసే అవకాశం ఉంటుంది, కాబట్టి వీసా చివరి తేదీ, తిరుగు టికెట్ ఆ తర్వాతికి పెట్టుకోండి. జనవరి మూడో వారానికి టికెట్ కొనుక్కున్నవాళ్లు ఒక సబ్జెక్టు వదిలేసి విమానమెక్కారు.

వచ్చేముందు మార్కుల పత్రం ఎప్పుడు, ఎవరికి పంపుతారో కనుక్కుని, సమన్వయకర్త మెయిల్ రాసుకోండి. చదివిన రోజుల సర్టిఫికెట్ మీద సంతకం, ముద్ర చేతికి తీసుకోండి. అద్వాన్సు వెనక్కి రావాలంటే దిగిన రోజు తీసిన ఫోటోలు బయటకు తీసి, ఓనర్‌తో కలిసి గది తిరగండి. కుక్కర్ వెనక్కి మోసుకురావద్దు. విదేశీ విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో ఒక్క మెసేజ్ పెడితే, ఫిబ్రవరిలో దిగిన మనవాళ్లెవరో పరుగెత్తుకుంటూ వచ్చి పట్టుకుపోతారు. ఇచ్చేటప్పుడు అడుగుకు అయస్కాంతం అంటుకుంటుందో లేదో చెప్పి ఇవ్వండి.